దీపం వేళ బిళ్ళ

ఆగస్టు 18, ఆదివారం

నిన్న రాత్రి మా శివుడు దగ్గలేదు. నాకు నిద్ర పట్టలేదు.

ఆగస్టు 20, మంగళవారం

నిన్న కూడా లేదు. లేచి వెళ్ళి వాళ్ళ గది తలుపు దగ్గర నిలబడ్డాను. వాడి ఛాతీలోంచి పిల్లికూతలు వినబడలేదు. ఫ్యాను తిరుగుతోంది, అంతే. వచ్చి పడుకున్నాను.

సంతోషించాను. దేవుడికి తెలుసు.

ఎన్నేళ్ళు ఆ దగ్గు వింటూ పడుకున్నానో. అమ్మ పోయేనాటికి తమ్ముడు శివుడికి నాలుగేళ్ళు, నాకు పద్నాలుగు. నాన్నకి ప్లాంటులో షిఫ్టులు. వీపు నిమరడం, మిరియాల పాలు కాచడం, ఒళ్ళో దిండు పెట్టుకుని వాణ్ణి కూర్చోబెట్టే నిద్రపుచ్చడం, అన్నీ నావే. నన్ను తెనాలి కాపురానికి పంపినప్పుడు వాడికి జ్వరం తగిలింది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆయన పోయి నేను తిరిగొస్తే, వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చి, ఆయాసంతో మాట రాక, నా చీర కొంగు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు నేను ఏడవలేదు. వాడికి ఊపిరి ఆడించే పని ఉంది నాకు.

ఆగస్టు 22, గురువారం

ఈ నెల మొదట్లో వాడి పెళ్ళాం బాలమణి వాణ్ణి సంగారెడ్డి తీసుకెళ్ళింది. నాకు చెప్పలేదు. పెళ్ళై రెండేళ్ళైంది, ఏదీ నన్నడిగి చేసే అలవాటు లేదు. చెప్పి ఉంటే, ఇన్నాళ్ళూ చూస్తున్న డాక్టరుండగా కొత్తవాళ్ళెందుకు అనేదాన్ని. అందుకే చెప్పలేదేమో.

అక్కడ ఒక డాక్టరమ్మ, ఏది పడదో చూడ్డానికి, వాడి చేతి మీద చుక్కలు వేసి సూదితో గీరిందట. దుమ్ము చుక్క పొంగింది. గడ్డిపూల చుక్క పొంగింది. వయ్యారిభామ చుక్క అన్నిటికన్నా ఎక్కువ పొంగింది. అది మా ఇస్నాపూర్‌లో ఖాళీ ప్లాటు ప్రతిదాంట్లోనూ ఉంది.

పడనిది తగలగానే లోపల రెండు రకాల గొడవ మొదలవుతుందట. ఒకటి తుమ్ములూ దురదా తెస్తుంది. రెండోది ఛాతీ బిగదీసి, గొట్టాలు వాచేలా చేస్తుంది. పాత బిళ్ళ మొదటిదాన్ని ఆపుతుంది. ఆవిడ రాసిన కొత్త బిళ్ళ రెండోదాన్ని ఆపుతుంది. పీల్చే మందు ఎలాగూ మానకూడదు. "ఇంటికి రెండు తలుపులుంటే ఒకదానికే గొళ్ళెం పెట్టి పడుకుంటారా?" అందట డాక్టరమ్మ.

ఇదంతా వాడు చెప్పలేదు. బాలమణి చెప్పింది, బీరకాయ చెక్కు తీస్తూ.

"రెండూ గల్సి పడితెనే పనిజేస్తదంట వదినా. ఒకటేసి ఒకటి ఇడిస్తే అక్కరకు రాదంట."

"పాతది నేనిస్తున్నదేగా" అన్నాను.

"గదే. గది మీరే ఇయ్యుండ్రి. కొత్తది అన్నం తిన్నంక నేనిస్త."

పంపకం అయిపోయింది. నాన్న పోయాక ఇల్లు పంచుకున్నప్పుడు కూడా ఇంత తొందరగా తేలలేదు.

నాది దీపం వేళ బిళ్ళ. సాయంత్రం దీపం పెట్టి, దేవుడి అరలోంచి బిళ్ళ తీసి, తులసి తీర్థంతో వాడి అరచేతిలో పెడతాను. వాడు బడికెళ్ళే రోజుల నుంచీ అంతే. మందుకు కూడా ఆయన చెయ్యి తగలాలి. బిళ్ళ పేర్లు మారాయి, డాక్టర్లు మారారు. నా చెయ్యి మారలేదు.

ఆగస్టు 26, సోమవారం

కృష్ణాష్టమి. బాలమణి తల్లి మొగులమ్మ రుద్రారం నుంచి మక్కకంకులు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏందల్లుడా, గింత నున్నగైనవ్! నీ దమ్ము రోగం యాడికి బోయింది?"

"మీ అమ్మాయి తరిమేసింది అత్తమ్మా."

"తరుమదా మరి! లగ్గం జేస్తవా చెయ్యవా అని నన్ను గూడ ఇంట్లకెల్లి గట్లనే తరిమింది గద."

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాత నా పక్కన కూలబడి, కంకి ఒలుస్తూ అంది: "నువ్వు గూడ తక్వ జెయ్యలే రత్నమ్మా. మా బాలి చెప్తది, అక్కనే సాది పెంచింది అని. గని మందుకు హస్తవాసి ఉండాలె. మా బిడ్డ చేతుల ఉన్నది."

"బిళ్ళలు రెండు" అన్నాను.

"ఆఁ?"

"రెండు బిళ్ళలు కలిసి పనిచేస్తున్నాయి. ఒకటి నేనిస్తాను."

"ఆఁ ఆఁ, గదే" అని గింజలు నోట్లో పోసుకుంది.

నైవేద్యం పెట్టాను. అటుకులు ఈసారి సరిగ్గా నానలేదు.

సెప్టెంబరు 7, శనివారం

చవితి. పత్రి శివుడే వెళ్ళి కోసుకొచ్చాడు. గడ్డిలో, చెట్లలో. ఒక్కసారి కూడా తుమ్మలేదు.

"చూశావా అక్కయ్యా!" అన్నాడు.

చూశాను.

సెప్టెంబరు 15, ఆదివారం

నిన్న డ్యూటీ నుంచి వస్తూ మూరెడు పూలు తెచ్చాడు, ఆకులో చుట్టి. బాలమణి జడలో తనే పెట్టాడట. ఆమే చెప్పింది, అడగకుండానే.

ఈ ఇంట్లోకి నేను పూలు రానివ్వలేదు. నేను పెట్టుకోకూడదు గనక కాదు. వాడికి పడవు గనక. తులసిదళం తప్ప ఏమీ లేకుండా ఇన్నేళ్ళు పూజ చేశాను. లక్ష్మీదేవికి కూడా తులసే. ఆవిడ ఏమీ అనుకోలేదు. నా కష్టం ఆవిడకు తెలుసు.

ఇప్పుడు పూలు వచ్చాయి. దేవుడికి కాదు.

సెప్టెంబరు 16, సోమవారం

బాలమణి పాత పరుపు తీయించేసింది. బూరుగు దూది పరుపు, అమ్మ నాటిది. దుమ్ములో పురుగులుంటాయట, కంటికి కనబడనివి. డాక్టరమ్మ చెప్పిందట. ఆ పరుపు మీద వాణ్ణి పెంచాను.

పోనీ. పరుపేగా.

సెప్టెంబరు 23, సోమవారం

వాడు ఇదివరకు ఆయాసం వస్తే "అక్కయ్యా" అని పిలిచేవాడు. పెళ్ళయ్యాక కూడా నన్నే పిలిచేవాడు. గోడ అవతల నుంచి ఆ పిలుపు వస్తే బాలమణి తలుపు తీసి పక్కకి తప్పుకునేది.

నెల దాటింది, పిలుపు లేదు.

దీనికి అసూయ అని పేరు పెట్టకూడదు. అసూయ అంటే ఒకరిది మనకు కావాలనుకోవడం. ఇది నాది.

లలితా సహస్రనామం రెండుసార్లు చదివాను. రెండోసారి ఎక్కడున్నానో మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చాను.

సెప్టెంబరు 28, శనివారం

ఫ్యాక్టరీలో వాడి స్టోర్స్ గదిలో అట్టపెట్టెల దుమ్ము. ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా నెల గడిచిందని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడట. "మా ఆవిడ మందు" అన్నాడట వాడు. నాతో చెప్పి నవ్వాడు.

ఒక మందు, అన్నాను. వినబడలేదనుకుంటాను.

అక్టోబరు 1, మంగళవారం

తెనాలి నుంచి ఫోను. మా బావగారు పోయారు. మా ఆయన అన్నగారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను పలకరించింది తక్కువ. వెళ్ళలేదు, ఎవరూ రమ్మనలేదు. మైల మాత్రం నాకు వచ్చింది. పది రోజులు దేవుణ్ణి ముట్టుకోకూడదు.

తలస్నానం చేసి దేవుడి అర తలుపులు మూశాను.

దీపం వేళకి శివుడు వచ్చి అలవాటుగా చెయ్యి చాపాడు.

"మైలరా" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏమీ అడగలేదు.

అక్టోబరు 3, గురువారం

నిన్నటి నుంచి వీధిలో బతుకమ్మలు మొదలయ్యాయి. సాయంత్రం బాలమణి చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని వచ్చింది.

"దీపం నేను పెట్టాల్నా వదినా?"

"వద్దు. మైల."

"మైల మీకు గద?"

"ఇంటికి" అన్నాను.

"ఇంటికంతనా?"

"ఇంటికంతా."

కాసేపు అర వైపు చూసింది. "గోలీలు అండ్లనే ఉన్నయి గద."

"నీ బిళ్ళ ఉందిగా. అది మంచి బిళ్ళ. అందరూ అంటున్నారు."

దోపుకున్న కొంగు విప్పుకుంది. అర దగ్గరకి మాత్రం వెళ్ళలేదు. పెద్దవాళ్ళ మాట వింటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

తెనాలి వాళ్ళ గోత్రం వేరు, మా తమ్ముడి గోత్రం వేరు. ఈ సంగతి ఇక్కడ రాయనక్కర్లేదు.

అక్టోబరు 5, శనివారం

బాలమణి గుడికెళ్ళి పంతులుగారిని అడిగిందట. బతుకమ్మ పేర్చుకోవచ్చా లేదా అని.

"పేర్చుకోవచ్చన్నడు వదినా."

"మంచిది."

ఇంకేం అడిగిందో, ఆయన ఇంకేం చెప్పాడో చెప్పలేదు. దీపం మాట మళ్ళీ ఎత్తలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళింది. మర్యాద తెలిసిన పిల్ల.

అక్టోబరు 6, ఆదివారం

శివుడు తుమ్మాడు. చల్లగాలి.

అక్టోబరు 8, మంగళవారం

పొద్దున్న వరసగా తుమ్ములు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఛాతీ బాగానే ఉంది. కొత్త బిళ్ళ అంత మంచిదైతే తుమ్ములు కూడా ఆపొచ్చుగా.

సాయంత్రం పెసరపప్పు కోసం వెళ్తుంటే మందుల దుకాణం దగ్గర తాజ్ మొహమ్మద్ కేకేశాడు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఎరిగినవాడు.

"అమ్మా, తమ్ముని గోలీలకు రాలేదు ఈసారి? అయిపోలేదా?"

"ఉన్నాయి."

"ఉన్నయా! రోజూ ఏస్తలేడా ఏంది?"

"ఉన్నాయి తాజ్ భాయ్" అన్నాను.

ఉన్నాయి కదా, అరలో. అబద్ధం కాదు. ఒక అట్ట ఇక్కడ కొనుక్కుని బయట పెట్టుకోవచ్చని అప్పుడు తోచలేదు.

తోచింది.

అక్టోబరు 9, బుధవారం

రేపు సద్దుల బతుకమ్మ. భోజనాల దగ్గర శివుడు, "పూలకు నేనూ వస్తా" అన్నాడు.

"నువ్వెందుకు? నేను, పక్కింటోళ్ళు పోతం" అంది బాలమణి.

"నలభై నాలుగేళ్ళు వచ్చాయి. ఒక్కసారీ పూలు కొయ్యలేదు. వీధిలో పిల్లలందరూ సంచులు పట్టుకుపోతుంటే కిటికీలోంచి చూసేవాణ్ణి. అక్కయ్య గడియ పెట్టేది."

నవ్వుతూనే అన్నాడు. గడియ పెట్టిన మాట నిజమే. వాడు కిటికీ దగ్గర ఉంటే నేను పక్కనే కూర్చునేదాన్ని. ఇద్దరం చూసేవాళ్ళం. ఆ సంగతి అనలేదు.

రేపు వద్దు అనొచ్చు. ఎల్లుండికి మైల పోతుంది, బిళ్ళ ఇస్తాను, అప్పుడు ఎక్కడికైనా వెళ్ళు అనొచ్చు. బాలమణి కూడా అనొచ్చు. నా వైపు చూసింది. నేను మజ్జిగ పోసుకున్నాను.

అక్టోబరు 10, గురువారం

పొద్దున్నే స్కూటరు మీద చిట్కుల్ దాటి పూలకు వెళ్ళారు. ఆమె వెనక కూర్చుని వాడి భుజం మీద చెయ్యి వేసింది.

అక్టోబరు 11, శుక్రవారం

ఇంటికొచ్చి స్నానం చేసి రాస్తున్నాను. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాలి. బట్టలు, ఫ్లాస్కు సర్దాను. ఆటో వచ్చేలోపు రాయాలి. లేకపోతే వేరేలా రాస్తాను.

నిన్న పది గంటలకల్లా వచ్చారు. గోనెసంచి నిండా గునుగు, తంగేడు. సంచి అడుగున వయ్యారిభామ తెల్లపూలు కూడా ఉన్నాయి, గునుగుతో కలిసి వచ్చినవి. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుమ్ముతున్నాడు, నవ్వుతున్నాడు. వరండాలో కూర్చుని గునుగు కట్టలు కట్టి, రంగులో ముంచి ఆమెకు అందించాడు. బతుకమ్మ వరసలు వరసలుగా లేచింది. వాడి మోకాలిదాకా వచ్చింది.

"నువ్వు జెర దూరం కూసో. పువ్వులల్ల మొకం పెట్టకు" అంది బాలమణి.

"నాకేం, రెండు గొళ్ళాలున్నాయి" అన్నాడు.

ఒకటే ఉందని వాడికి తెలుసు. ఆమెకీ తెలుసు. నేను లోపల పోపు వేస్తున్నాను. ముగ్గురం విన్నాం.

మధ్యాహ్నం తుమ్ములు తగ్గి నిద్రపోయాడు. నేను స్థిమితపడ్డాను. దీపం వేళకి వీధిలో ఆడవాళ్ళు చేరారు. బతుకమ్మను రెండు చేతులా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టి, వాడు గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. వీధిలో చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్య పిల్లికూత వినబడింది. వాళ్ళెవరికీ వినబడలేదు, నాకు వినబడింది. ఎక్కడున్నా వినబడుతుంది.

పీల్చే మందు రెండుసార్లు కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. మెడ దగ్గర గుంట పడుతోంది. పెదవులు రంగు తప్పాయి.

"అక్కయ్యా" అన్నాడు.

ఇన్నాళ్ళకి. ఆ ఒక్క క్షణం నాకేమనిపించిందో రాయను.

బాలమణి పరిగెత్తుకొచ్చింది. వాణ్ణి పట్టుకోబోయింది. "నీ చీర నిండా పుప్పొడి. ముట్టుకోకు" అన్నాను. ఆగిపోయింది. ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుంది, వెనక్కి తిరిగి వాణ్ణే చూస్తూ. వాడి తల నా భుజం మీద ఉంది. నేను అన్న మాట సరైనదే. డాక్టరమ్మ కూడా అదే అనేది. అయినా ఆ మాట అన్న గొంతు నాకు తెలుసు.

రుద్రారం, కంది, సంగారెడ్డి. ప్రతి ఊళ్ళోనూ రోడ్డు మీద బతుకమ్మలు. ఆటో ఆగుతోంది, వాడి ఊపిరి ఆగుతోంది, ఆటో కదులుతోంది. పది రోజులుగా నోరారా దేవుడి పేరు అనలేదు, మైల అని. ఆటోలో అన్నాను. ఆయన మైల చూడలేదు. ఆస్పత్రి దాకా తెచ్చాడు.

ఆక్సిజన్ పెట్టారు. మూతికి పొగమందు కట్టారు. ఇంజక్షన్లు చేశారు. తెల్లవారేసరికి ఊపిరి నిలబడింది.

పొద్దున్న డాక్టరమ్మ వచ్చింది. నాకన్నా చాలా చిన్నది. కాగితాలు చూసింది.

"రెండు బిళ్ళలూ రోజూ పడుతున్నాయా?"

శివుడు మాస్కు పక్కకి జరిపి, "రెండూ" అన్నాడు.

బాలమణి నేల చూసింది.

"రెండూ వేసుకుంటూ ఇంతదాకా వచ్చిందంటే, ఇవి ఈయనకు పనిచెయ్యట్లేదమ్మా. ఆపేద్దాం. స్టెరాయిడ్ బిళ్ళలు కొన్నాళ్ళు ఎక్కువగానే వాడాలి. షుగరు వస్తుంది, ఎముకలు దెబ్బతింటాయి, అయినా తప్పదు. ఈ పూలూ దుమ్మూ ఉన్నచోట ఈ ఉద్యోగం కూడా..." అని రాయడానికి పెన్ను తీసింది.

ఊరుకుంటే సరిపోయేది. వాడే చెప్పాడుగా. నెల రోజులు దగ్గు లేకుండా నిద్రపుచ్చిన మందు ఆపేస్తారు, అంతే. మళ్ళీ రాత్రిళ్ళు దగ్గుతాడు. మళ్ళీ పిలుస్తాడు.

"ఒకటే వేసుకున్నాడు" అన్నాను.

డాక్టరమ్మ తలెత్తింది.

"తుమ్ముల బిళ్ళ నా చేతి మీదుగా పడుతుంది. పది రోజులుగా ఇవ్వలేదు."

"ఎందుకు? అయిపోయాయా?"

"మైల వచ్చింది. బిళ్ళలు దేవుడి అరలో ఉంటాయి."

పక్కనున్న నర్సు నవ్వు ఆపుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. "మైల వస్తే మందు మానేస్తారామ్మా ఎవరైనా?"

"మైల నాకు" అన్నాను. "వాడికి లేదు. ఈ అమ్మాయికీ లేదు. తను అర తెరవొచ్చు. తెరవకూడదని నేనే చెప్పాను."

ఎందుకని అడగలేదు ఆవిడ.

పెన్ను మూసింది. "ఒక్క బిళ్ళ మానినందుకే ఇంత అయిందని నేను చెప్పను. పూలసంచిలో తలపెట్టినందుకూ అయింది. కానీ రెండూ పడలేదు గనక, రెండూ కలిసి పనిచెయ్యట్లేదని అనడానికి లేదు. మళ్ళీ మొదలుపెడదాం. స్టెరాయిడ్ నాలుగు రోజులు చాలు."

తరవాత నన్నూ బాలమణినీ మార్చి మార్చి చూసింది. "రెండు మందులూ కలిసి ఒకే బిళ్ళలో కూడా వస్తుంది. అదే రాస్తాను. రాత్రి ఒకటి. మీకు పంచుకునే పని ఉండదు."

ఆటో వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

ఆస్పత్రి వరండా. వాడు నిద్రపోతున్నాడు. బాలమణి చాయ్ తెచ్చి నా పక్కన బెంచీ మీద పెట్టింది. తనకి తెచ్చుకోలేదు.

"నాకెరికే వదినా."

"ఏంటి?"

"ఆనాడే చెప్పిండు పంతులు. మైల మీ వదినకొక్కదానికే, దీపం నువ్వు పెట్టు బిడ్డా అని."

"మరి?"

కొంగు చివర దారం లాగుతోంది.

"తాజ్ భాయ్ దుకాణం ముంగటికెల్లే రోజు పోత. ఒక్క అట్ట తెచ్చి ఏస్తే అయిపోతుండె. తేలే. మీ గోలీ లేకుంట గూడ మంచిగుంటడు, నాదొక్కటే సాలు, వదిన సూడాలె అనుకున్న." ముక్కు తుడుచుకుంది. "గంతే వదినా. ఇగ తిట్టుండ్రి."

నీ బిళ్ళ ఒక్కటే చాలదని నువ్వు చూడాలనుకున్నాను నేను. పైకి అనలేదు. విన్నట్టే చూసింది.

ఆమె జుట్టులో ఇంకా గునుగు రజను ఉంది. దులిపాను. కాస్త గట్టిగానే దులిపాను. తల వంచి దులిపించుకుంది.

చాయ్ సగం ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చాను.

అక్టోబరు 12, శనివారం

దసరా. ఆస్పత్రిలోనే. నా మైల నిన్నటితో తీరింది. మొగులమ్మ జమ్మి ఆకు తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది, బంగారమని.

"గుమ్మంల పెట్టిన బతుకమ్మను పక్కింటోళ్ళు చెర్వుల సాగదోలిన్రంట. ఏం పండుగనో ఏమో. ఏమల్లుడా, పువ్వులంటె గంత పానమైతె ఫోటువ తీస్కోవాలె, సంచిల తల పెడ్తరా ఎవరన్న?"

వాడు నవ్వబోయి దగ్గాడు. ఇద్దరం లేచాం. బాలమణి ముందు చేరింది. నేను కూర్చున్నాను.

కూర్చోవడం కష్టమే.

వాళ్ళు చాయ్‌కి వెళ్ళినప్పుడు అడిగాను. "రెండూ అని ఎందుకు చెప్పావురా?"

"నీ పేరు చెప్పమంటావా?"

"పది రోజులు నన్నెందుకు అడగలేదు మరి?"

పైకప్పు చూస్తూ అన్నాడు. "నా మీద కోపం వచ్చిందనుకున్నా అక్కయ్యా. తగ్గేదాకా ఆగుదామనుకున్నా."

అక్టోబరు 14, సోమవారం

ఇంటికి వచ్చాం.

దేవుడి అర తెరిచి కడిగాను. పాత బిళ్ళల అట్ట లోపల అలాగే ఉంది, కుంకుమ భరిణె పక్కన. తీసేశాను.

బాలమణి కొత్త అట్ట తెచ్చి నా చేతికిచ్చింది. రెండు మందులూ ఒకటే బిళ్ళ. చిన్నది.

"అరల పెట్టుండ్రి వదినా."

ఇచ్చేసింది. తను ఇచ్చే బిళ్ళ కూడా ఇందులోనే ఉంది. పెట్టుకోవచ్చు. అర తలుపు తీసే ఉంది.

"వంటింట్లో మంచినీళ్ళ బిందె పక్కన పెట్టు" అన్నాను. "ఎవరి చేతికైనా అందేచోట. అక్కడికి మైల రాదు."

"ఎవలియ్యాలె మరి?"

"వాడే వేసుకుంటాడు. నలభై నాలుగేళ్ళు."

"వేసుకోడు వదినా, మతిల ఉండది ఆయినెకు."

"అయితే నువ్వు గుర్తు చెయ్యి. నువ్వు మరిచిపోతే నేను చేస్తాను."

"నేను మర్శిపోను" అంది వెంటనే.

"చూద్దాం" అన్నాను.

అక్టోబరు 15, మంగళవారం

దీపం వేళ. ఒత్తి వెలిగించి లేచేసరికి శివుడు వెనక నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపి. అలవాటు.

తులసి తీర్థం పోశాను. తాగాడు.

"బిళ్ళ రాత్రికిరా. ఇక్కడేం లేదు ఇంక" అన్నాను.

"తెలుసు."

చెయ్యి అలాగే ఉంచాడు. మళ్ళీ పోశాను.

బాలమణి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపు చూడనిచ్చాను. తరవాత, "నువ్వూ రా" అన్నాను.